బ్లైండ్స్‌కి వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టించాలా? ముందు కిటికీ సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్, హాల్లో తూర్పు కిటికీకి చెక్క బ్లైండ్స్, బెడ్‌రూమ్‌లో ఉత్తరం కిటికీకి బ్లాకవుట్ రోలర్ (వెలుతురు రానివ్వని గుడ్డ, పైకి చుట్టుకునేది). వేయించి రెండేళ్ళు కూడా కాలేదు. మొన్నటి వాయుగుండానికి చెక్క బ్లైండ్‌లో కింది నాలుగు పట్టీలు ఉబ్బి వంకరపోయాయి, రోలర్ గుడ్డ కింది అంచున నల్లచుక్కలు వచ్చాయి. షాపులో ఒకాయన వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టిస్తే సరిపోతుందన్నారు, అది నిజమేనా, ఉన్నవి బాగుపడతాయా, మొత్తం మార్చేయాలా అని.

సూటిగా చెప్పేస్తాను. స్ప్రేకి డబ్బులు పెట్టకండి. నీళ్ళు కిటికీలోంచి వస్తున్నాయి కాబట్టి పని కిటికీకే చేయించాలి. మీ చెక్క బ్లైండ్ చాలావరకు దక్కుతుంది, పాడైన పట్టీలు తీసేసి పొడవు తగ్గిస్తే చాలు. రోలర్ సంగతి ఆ చుక్కలు ఎంత లోతుకి దిగాయన్నదాన్ని బట్టి ఉంటుంది, దక్కకపోతే గుడ్డ ఒక్కటే మార్పించుకోండి, పైపు, గొలుసు, బ్రాకెట్లు మళ్ళీ వాడుకోవచ్చు. మొత్తం సెట్టు కొత్తది కొనాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఇంకో మాట మాత్రం ఇవాళే ఇంట్లో అందరికీ చెప్పండి. తడవకముందు పైకి, తడిశాక కిందికి. తుఫాను వస్తోందని తెలిస్తే బ్లైండ్ పొడిగా ఉన్నప్పుడే పైకి లాగేసి కట్టేయండి. తెలియక తడిసిపోయిందంటే మాత్రం దాన్ని పైకి లాగొద్దు, చుట్టొద్దు, పూర్తిగా కిందికి దించి ఫ్యాను వేయండి. నేను చూసినవాటిలో వానకి పాడైన బ్లైండ్స్ కంటే, తడిసిన తర్వాత చుట్టి పెట్టడం వల్ల పాడైనవే ఎక్కువ. తడి గుడ్డ చుట్టలో ఒకటి రెండు రోజులు ఉంటే చాలు, బూజు పట్టడం మొదలవుతుంది. మీ రోలర్‌కి వచ్చిన చుక్కలు కింది అంచునే ఉన్నాయన్నారు కదా, అంటే కింద తడిసింది, మీరు పొద్దున్నే వెలుతురు కోసం అలవాటుగా పైకి చుట్టేసి ఉంటారు.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్ళు. నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు, మధ్యలో సముద్రం వైపు ఊళ్ళు, ఇవే నేను తిరిగే చోట్లు. అందుకే మన వైపు వాన గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ వాళ్ళు చేసిన వీడియోలు చూసి ఇక్కడ బ్లైండ్స్ కొంటే సరిపోదు.

మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో పట్టే ముసురు గాలితో పాటు తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి జల్లుగా కొడుతుంది. మనమేమో వాస్తు ప్రకారం పెద్ద కిటికీలన్నీ తూర్పుకి, ఉత్తరానికే పెట్టుకుంటాం. ఇంట్లో అందమైన, ఖరీదైన బ్లైండ్స్ కూడా ఆ పెద్ద కిటికీలకే వేస్తాం. సరిగ్గా వాన కొట్టే మొహానికే చెక్క పట్టీలు, గుడ్డ తీసుకెళ్ళి పెడుతున్నామన్న మాట. మీ రెండు కిటికీలూ అవే దిక్కులు చూడండి. అలాగని పడమర కిటికీలు క్షేమం అనుకోవద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం వెంబడే పైకి పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, తుఫాను మనకి తూర్పున ఉన్నప్పుడు ఉత్తరం గాలి, అది పైకి పోయాక వాయవ్యం, పడమర గాలి. ఎప్పుడూ చుక్క నీరు రాని పడమటి గదుల్లోంచి ఆ వారమంతా నాకు ఫోన్లు వచ్చాయి.

ఇక స్ప్రే సంగతి. అది పూర్తిగా మోసం అనను. గుడ్డ మీద కొడితే నాలుగు చుక్కలు పడినప్పుడు పీల్చుకోకుండా ముత్యాల్లా జారిపోతాయి, తుడుచుకోవడానికి మీకు కాస్త టైము దొరుకుతుంది. అంతవరకే. రాత్రంతా కిటికీ గట్టు మీద నిలిచిన నీళ్ళలో గుడ్డ అంచు నానుతుంటే ఏ స్ప్రే ఆపలేదు. పైగా బ్లాకవుట్ గుడ్డకి వెనకవైపు ఒక పూత ఉంటుంది, వెలుతురు రాకుండా ఆపేది అదే. దాని మీద ఏ మందు పడినా మరకలు పడే ప్రమాదం ఉంది, పూత మెత్తబడి పొరలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. కొట్టాలని మరీ అనిపిస్తే పైన చుట్టలో కనపడకుండా ఉండే చోట అరచేయంత జాగాలో కొట్టి రెండు రోజులు చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.

చెక్క బ్లైండ్‌కి మాత్రం స్ప్రే కంటే పనికొచ్చేది ఒకటి ఉంది. ఒక పట్టీని దగ్గరగా పట్టుకుని చూడండి. పైన, కింద రంగు, పాలిష్ నున్నగా మెరుస్తుంటాయి. కానీ దారం దూరే సన్నని చీలిక ఉంటుంది కదా, అందులో వేలి గోరు పెట్టి గీకి చూడండి, గరుగ్గా తగులుతుంది. అక్కడ పాలిష్ లేదు, పచ్చి చెక్క. కిటికీ కొలతకి కోసినప్పుడు రెండు చివర్లు కూడా అలాగే పచ్చిగా మిగిలిపోతాయి. నీళ్ళు లోపలికి వెళ్ళేది ఆ చీలికల్లోంచి, ఆ చివర్లలోంచే. ఉబ్బిన పట్టీలు తీసి చూస్తే చీలిక చుట్టూనే పాలిష్ మొదట పగిలి ఉంటుంది, మీవి కూడా చూసుకోండి. ఆ చివర్లకి, చీలికలకి సన్న బ్రష్షుతో పాలియురెథేన్ వార్నిష్ రెండు కోట్లు వేస్తే బ్లైండ్ ఆయుష్షు బాగా పెరుగుతుంది. కొత్తగా వేయించుకునేవాళ్ళు బిగించకముందే ఈ పని చేయమని అడగండి, చాలామంది చేయరు, అడిగితే చేస్తారు.

సరే, ఇప్పుడు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. సొంతిల్లయితే వాన లేని రోజున బయట ఒకరు పైపు పట్టుకుని, లోపల ఒకరు నిలబడి చూస్తే సరిపోతుంది. కిటికీ కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు కొడుతూ పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందికి జారి అన్నీ తడిసిపోతాయి, ఎక్కడ కారిందో తేలదు. మీది నాలుగో అంతస్తు కాబట్టి బయటికి వంగి అలాంటి పనులు చేయొద్దండి. పాత పేపర్ చింపి చిన్న ముక్కలు కిటికీ రెండు మూలల్లో, మధ్యలో, పక్క ఫ్రేముకి, పైన స్లాబు అంచుకి టేపుతో అంటించండి. ఈసారి జల్లు కొట్టినప్పుడు ఏ ముక్క మొదట తడిసిందో చూడండి. కింది మూలలు తడిస్తే ట్రాక్ (కిటికీ తలుపు జరిగే కింది గాడి) సమస్య, పక్కలు తడిస్తే ఫ్రేముకి, గోడకి మధ్య పూసే సిలికాన్ సమస్య, పై ముక్క తడిస్తే పైన గోడలో చీలిక ఉన్నట్టు. పైనుంచి కారే కిటికీ అయితే నేను ముందు చెప్పిన మాట పనిచేయదు, బ్లైండ్ పైకి లాగితే మొత్తం చుట్ట తడుస్తుంది, తుఫాను ముందు దాన్ని బ్రాకెట్ల నుంచి ఊడదీసి మంచం మీద పెట్టుకోవడమే మేలు.

నేను చూసిన పదిళ్ళలో ఏడెనిమిది ఇళ్ళలో దోషం కింద ట్రాక్‌లోనే దొరుకుతుంది. అల్యూమినియం అయినా యూపీవీసీ అయినా స్లైడింగ్ కిటికీ కింది ట్రాక్‌లోకి నీళ్ళు రావడం తప్పు కాదు, వచ్చిన నీళ్ళు బయటికి పోవడానికే బయటి వైపు సన్నని రంధ్రాలు పెడతారు. ఆ రంధ్రాలు మూసుకుపోతే ట్రాక్ తొట్టిలా నిండి నీళ్ళు లోపలికి పొర్లుతాయి. ఎందుకు మూసుకుపోతాయంటే దుమ్ము, చీమల మట్టి, రంగులేసినప్పుడు పడ్డ పుట్టీ. కొన్నిచోట్ల బిగించినవాళ్ళే బయట గట్టు వెంబడి సిలికాన్ పూస్తూ రంధ్రాల మీద నుంచి కూడా లాగేస్తారు. ఒక గ్లాసు నీళ్ళు ట్రాక్‌లో పోసి చూడండి. నిమిషంలో మాయమైతే రంధ్రాలు బాగున్నట్టు. నిలబడిపోతే ఒక చీపురుపుల్లతో గానీ సైకిల్ చువ్వతో గానీ లోపలి నుంచి పొడవండి, ట్రాక్‌లో దుమ్మంతా పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. దీనికి ఖర్చు లేదు, పావుగంట పని. వినాయక చవితి అయిన తర్వాత ఒకసారి, దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి చేసుకుంటే ఆ ఏడాదికి చాలావరకు గట్టెక్కుతారు.

రెండోది కిటికీ గట్టు. మన వైపు చీమకుర్తి నల్ల గ్రానైట్ దగ్గర్లో దొరుకుతుంది కాబట్టి గట్లకి అదే వేస్తారు. రాయి బంగారం లాంటిది, నీళ్ళు తాగదు, వంక పెట్టడానికి లేదు. కానీ తాపీమేస్త్రీ దాన్ని సమంగా పరిస్తే నీళ్ళు ఎటూ పోకుండా నిలబడతాయి, లోపలికి రవ్వంత వాలు ఉన్నా నేరుగా బ్లైండ్ కిందికే వస్తాయి. బయటి గట్టు బయటికి వాలి ఉండాలి, గోడ దాటి ఒక అంగుళం ముందుకు రావాలి, ఆ ముందుకొచ్చిన భాగానికి అడుగున సన్నని గాడి కోయించాలి. గాడి లేకపోతే నీళ్ళు రాయి అడుగునే అంటుకుని వెనక్కి గోడలోకి పాకుతాయి. సజ్జకి కూడా ఇదే లెక్క, సజ్జ అడుగు అంచున గాడి ఉంటే చుక్కలు అక్కడే తెగి పడతాయి. ఒంగోలులో లాయర్‌పేట వైపు ఒక మాస్టారు గారింట్లో మూడేళ్ళలో రెండుసార్లు రోలర్ గుడ్డ మార్చాను. మూడోసారి పిలిచినప్పుడు గుడ్డ కొలతలు తీసుకోకుండా గోలీ ఒకటి గట్టు మీద పెట్టాను, అది దొర్లుకుంటూ లోపలికి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. గట్టు తీసి వాలు మార్చి వేయించుకున్నారు. ఆ తర్వాత ఆ గుడ్డకి చుక్క నీరు తగల్లేదు. మొదటిసారే ఆ గోలీ పెట్టి చూడాల్సింది, ఆయన రెండు గుడ్డల డబ్బు నా అజాగ్రత్త వల్లే పోయిందని నాకిప్పటికీ బాధే.

సిలికాన్ గురించి. ఫ్రేముకి, గోడకి మధ్య ఉండే సిలికాన్ ఎండకి ఎండి కొన్నేళ్ళకి అంచు విడుస్తుంది. మన మే నెల ఎండలు మీకు చెప్పక్కర్లేదు. కొత్తది పూయించేటప్పుడు మూడు జాగ్రత్తలు: పాతది బ్లేడుతో పూర్తిగా తీసేయాలి, దాని మీదే పూస్తే నిలవదు. చోటు పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి, కాబట్టి ముసురులో చేయించొద్దు. వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చే రకం వద్దు, అది లోహాన్ని తింటుంది, రాయి మీద, సిమెంటు మీద సరిగా పట్టదు. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి, ట్యూబు మీద రాసి ఉంటుంది. పూశాక ఒక రోజు నీళ్ళు తగలనివ్వొద్దు.

ఇన్ని చేసినా స్లైడింగ్ కిటికీ తుఫాను గాలికి కొంత కారుతుంది, ఒప్పుకోవాలి. గాలి ఒత్తిడికి ట్రాక్‌లో నీళ్ళు పైకి లేచి, తలుపు అంచున ఉండే బ్రష్షు సందుల్లోంచి వస్తాయి. ఆ ఒక్క రాత్రికి ట్రాక్‌లో లోపలి వైపు పాత టవల్ చుట్టి కుక్కి, తడిసినప్పుడల్లా పిండి మళ్ళీ పెట్టుకోవాలి. బయటికి తెరుచుకునే రబ్బరు బీడింగ్ కిటికీలకి ఈ బాధ బాగా తక్కువ, ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు తూర్పు వైపుకి అవి ఆలోచించండి.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. తుఫాను రాత్రి కరెంటు పోతుంది, ఉక్కపోతకి తట్టుకోలేక కిటికీ ఒక పక్క తెరుస్తాం, జల్లు రాకుండా బ్లైండ్ దించుతాం. బ్లైండ్ ఎండకి అడ్డం గానీ వానకి అడ్డం కాదండీ. తెరిచిన కిటికీకి అడ్డంగా దించితే జల్లు మొత్తం అదే తాగుతుంది, గాలికి కొట్టుకుని బ్రాకెట్లు కూడా లూజవుతాయి. తెరవాలంటే గాలి రాని వైపు కిటికీ తెరవండి. రిమోట్ బ్లైండ్స్ ఉన్నవాళ్ళు కరెంటు ఉండగానే పైకి ఎత్తేసుకోండి, కరెంటుతో నడిచేవైతే పోయాక ఎత్తలేరు. మోటారు తడిసిందనిపిస్తే స్విచ్ ఆపి, పూర్తిగా ఆరి, ఎవరైనా చూసేదాకా ముట్టుకోవద్దు.

ఇప్పుడు మీ చెక్క బ్లైండ్ ఎలా దక్కించుకోవాలి. పూర్తిగా దించండి, పట్టీలు అడ్డంగా తెరిచి పెట్టండి, గాలి రెండు వైపులా ఆడాలి. పొడి నూలుగుడ్డతో ఒక్కో పట్టీ పైనా కిందా తుడవండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పట్టొద్దు, ఒక వైపు తొందరగా ఆరి ఇంకా వంకరపోతుంది. వంకరపోయిన నాలుగూ తీయాలంటే అడుగు పట్టీ కింద చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవర్ మొనతో లేపితే లోపల ముడులు కనిపిస్తాయి. ముడి విప్పి దారం పైకి లాగితే కింది పట్టీలు పక్కకి జారి వచ్చేస్తాయి. వాటిని చదునైన నేల మీద పేపర్ పరిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పైన ఇంకో పేపరు, దాని మీద బరువులు పెట్టి నాలుగైదు రోజులు వదిలేయండి. కొంచెం వంకర అయితే తిరిగి వస్తుంది, పాలిష్ పగిలినవి రావు.

రాకపోయినా కంగారు లేదు. చెక్క బ్లైండ్ మామూలుగా కిటికీ ఎత్తు కన్నా కొన్ని పట్టీలు ఎక్కువే వస్తుంది, ఆ ఎక్కువవి గట్టు మీద కుప్పగా కూర్చుంటాయి. తడిసేది ఎప్పుడూ ఆ కుప్పే. పాడైనవాటిని అసలు తిరిగి ఎక్కించకుండా, అడుగు పట్టీ గట్టుకి అర అంగుళం పైన వేలాడేలా ముడి వేయించండి. ఆ అర అంగుళం ఖాళీయే మీకు ఏ స్ప్రే ఇవ్వని రక్షణ. రోలర్‌కి కూడా అంతే, కింది రాడ్డు గట్టుకి ఆనకుండా గొలుసుకి స్టాపర్ పెట్టించండి.

రోలర్ గుడ్డ సంగతి కొస్తే, దించి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ముక్కుకి మాస్కు కట్టుకుని, బాల్కనీలో, పొడి మెత్తటి బ్రష్షుతో బూజు దులపండి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక స్పూను గిన్నెల సబ్బు ద్రావణం కలిపి, స్పాంజి గట్టిగా పిండి, అద్దుతూ తుడవండి, రుద్దొద్దు, పూత ఊడుతుంది. ఆ తర్వాత మంచినీళ్ళ గుడ్డతో తుడిచి ఒక రోజంతా ఆరబెట్టండి. చుక్కలు పోతే సంతోషం. గుడ్డ లోపలికి దిగిన నలుపు మాత్రం పోదు, ముక్కిపోయిన వాసన కూడా వదలదు, అలాంటప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు, ఆస్తమా వాళ్ళు ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. బ్లీచింగ్ వాడితే రంగు పోతుంది, దానికి తోడు బ్లీచింగ్‌ని బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాసు పుడుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది. తుప్పు మరక ఉన్నచోట కూడా బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది.

మళ్ళీ కొనేటప్పుడు తూర్పు, ఉత్తరం కిటికీలకి నా సలహా: చెక్క అందమే కావాలంటే చెక్కలా కనిపించే పీవీసీ పట్టీలు, తడిసినా తుడిస్తే సరి. బరువు కాస్త ఎక్కువ, బాగా వెడల్పు కిటికీకి ఒకే బ్లైండ్ కాకుండా రెండుగా చేయించండి. వంటింటికి, బాత్‌రూమ్‌కి అల్యూమినియం పట్టీలు గానీ పీవీసీ గానీ, ఇంకోటి వద్దు. రోలర్‌లో పీవీసీ పూత దారాలతో నేసిన సన్‌స్క్రీన్ గుడ్డ తడికి బాగా ఆగుతుంది, కానీ పూర్తి చీకటి ఇవ్వదు. బాల్కనీకి వెదురు తెరలు వేసేవాళ్ళు కట్టకముందే వార్నిష్ వేయించండి, లేకపోతే రెండో ముసురుకి నల్లబడతాయి. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఎండాకాలం వట్టివేళ్ళ తడికలు కట్టి గంటకోసారి నీళ్ళు చల్లేవాళ్ళు, ఒంగోలు ఎండకి ఆ చల్లదనం, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. అవి తడవడానికే కట్టినవి, వదులుగా ఉంటాయి, గాలికి ఆరిపోతాయి, సీజను కాగానే విప్పేస్తారు. ఇప్పటి బ్లైండ్స్‌లో జిగురు, పూత, ఇనుము, నైలాన్ దారం అన్నీ కలిసి ఉంటాయి, వాటికి ఆ ఓర్పు లేదు.

సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు, మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు, వాన లేకపోయినా జాగ్రత్త. గాలితో వచ్చే ఉప్పు తేమని లాక్కుంటుంది, అందుకే అక్కడ బ్లైండ్ ఎప్పుడూ కొంచెం జిగటగా తగులుతుంది, స్క్రూలు తొందరగా తుప్పు పట్టి ఆ ఎర్రనీరు గుడ్డ మీదికి కారుతుంది. బ్రాకెట్లకి, స్క్రూలకి స్టెయిన్‌లెస్ అంటే చాలదు, 202 గ్రేడు అక్కడ తుప్పు పడుతుంది. కనీసం 304, మరీ ఒడ్డునే అయితే 316 అడగండి. నెలకోసారి మంచినీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

వరద నీళ్ళు తగిలినవి వేరే కథ. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఒడ్డు కాలనీల్లో కిటికీ దాకా నీళ్ళు వచ్చాయి. అది మురుగు కలిసిన నీరు. గుడ్డవి పారేయడమే, అల్యూమినియం, పీవీసీ పట్టీలు సబ్బుతో రెండుమూడు సార్లు కడిగి వాడుకోవచ్చు, దారాలు మాత్రం కొత్తవి ఎక్కించాలి.

ఇక మీరు చేయాల్సింది ఏమిటంటే, ఈ వారం బ్లైండ్స్ రెండూ దించి ఆరబెట్టండి, గ్లాసు నీళ్ళు పోసి ట్రాక్ చూడండి, పేపర్ ముక్కలు అంటించండి. రెండు కిటికీల కింది ట్రాక్, లోపలి గట్టు కనిపించేలా ఫోటోలు పెట్టండి, వీలైతే గట్టు మీద గోలీ పెట్టి అది ఎటు దొర్లిందో కూడా రాయండి. అప్పుడు మేస్త్రీని పిలవాలా, ఒక ట్యూబు సిలికాన్‌తో పోతుందా అనేది చెప్తాను.